పర్లాకిమిడి గచ్చు మీద ఫుట్‌సాల్: ఐదుగురి జట్టు కట్టడం ఎలా

ఫుట్‌సాల్ అంటే గట్టి నేల మీద, చిన్న కోర్టులో జట్టుకు ఐదుగురేసి ఆడే ఫుట్‌బాల్. 2008లో బ్రెజిల్‌లో జరిగిన ఫుట్‌సాల్ ప్రపంచకప్‌లో సోలమన్ దీవుల జట్టు రష్యా చేతిలో 31–2తో ఓడిపోయింది. పసిఫిక్ సముద్రంలో ఏడు లక్షల పైచిలుకు జనం ఉన్న చిన్న దేశం అది. ఆ జట్టును అక్కడివాళ్లు ‘కురుకురు’ అంటారు. నాలుగేళ్ల తర్వాత థాయ్‌లాండ్‌లో అదే రష్యా మీద 16–0తో ఓడింది గానీ, గ్వాటెమాలాను 4–3తో కొట్టి ప్రపంచకప్‌లో తొలి గెలుపు అందుకుంది. 2008, 2012, 2016, 2021 ప్రపంచకప్‌లు నాలుగింటికీ ఓషియానియా నుంచి వెళ్లింది ఆ జట్టే.

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో ఉన్న మన ఊళ్లకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. మన కుర్రాళ్ల కాళ్లలో వేగానికి కొదవ లేదు. పదకొండు మంది ఆడే మైదానం మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉండదు. ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చో, బడి ముందున్న కాంక్రీటు జాగానో ఉంటే ఫుట్‌సాల్‌కు అది చాలు.

గచ్చు మీద కోర్టు గీయడం

అంతర్జాతీయ పోటీలు కాకపోతే కోర్టు పొడవు 25 నుంచి 42 మీటర్లు, వెడల్పు 16 నుంచి 25 మీటర్లు ఉండొచ్చు. ఊళ్లో గీసేటప్పుడు 30 × 16 కొలత పెట్టుకోండి. దానికొక సౌలభ్యం ఉంది: మూల నుంచి ఎదురు మూలకు సరిగ్గా 34 మీటర్లు వస్తుంది. రెండు మూలగీతలూ 34 వస్తే నాలుగు మూలలూ మట్టంగా ఉన్నట్టే. ఒకటి 34.40, ఇంకొకటి 33.60 వచ్చిందంటే కోర్టు ఒరిగిందని అర్థం, మళ్లీ లాగండి. గీత బయట చుట్టూ కనీసం ఒక మీటరు ఖాళీ వదలాలి. అంటే మొత్తం 32 × 18 జాగా కావాలి. గోడ అంతకంటే దగ్గరుంటే కోర్టును 28కి కుదించండి గానీ, పరుగు మీదున్న కుర్రాడు గోడకు గుద్దుకునేలా మాత్రం గీయకండి.

కొలతకు నైలాన్ తాడు వాడొద్దు, లాగితే సాగుతుంది. మేస్త్రీల టేపు తెచ్చుకోండి. ముందు ముగ్గుపిండితో గీసి, రెండు రోజులు ఆడి చూసి, ఆ తర్వాతే రంగు వేయండి. గీత వెడల్పు 8 సెంటీమీటర్లు. మధ్య వలయం వ్యాసార్థం 3 మీటర్లు. గోల్ ముందున్న పెనాల్టీ ఏరియా దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. అది అర్ధచంద్రం కాదు. ఒక్కో గోల్‌పోస్టు బయటి అంచు మీద టేపు కొస పెట్టి, 6 మీటర్లతో గోల్ లైను నుంచి ముందుకు పావు వలయం తిప్పాలి. ఆ రెండు పావు వలయాల పై కొసలనూ 3.16 మీటర్ల తిన్నని గీతతో కలపాలి. 3 మీటర్ల గోల్, అటూ ఇటూ 8 సెంటీమీటర్ల పోస్టులు కలిస్తే వచ్చే లెక్కే 3.16. గోల్ మధ్య నుంచి 6 మీటర్ల దగ్గర పెనాల్టీ చుక్క, 10 మీటర్ల దగ్గర రెండో చుక్క పెట్టండి. ఆ రెండో చుక్కను మరిచిపోతే తర్వాత తగువులు వస్తాయి.

గీతలన్నీ కలిపి సుమారు 170 మీటర్లు. రెండు పూతలకు 4 లీటర్ల రంగు పడుతుంది, గచ్చు గరుకుగా ఉంటే ఇంకో లీటరు. ధాన్యం ఎత్తాక గచ్చు మీద సన్నటి ఊక, దుమ్ము మిగులుతాయి. కంటికి కనపడవు గానీ, బూటు కింద ఇసుక పోసినట్టే జారుతుంది. రెండుసార్లు ఊడ్చి, ఒకసారి నీళ్లు కొట్టి, పూర్తిగా ఆరాకే ఆడండి. వానాకాలం పోయాక పాచి పట్టిన చోట బ్లీచింగ్ పొడి చల్లి, ఈనెల చీపురుతో రుద్ది కడగాలి.

గోల్, బంతి

గోల్ లోపలి వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. వెల్డింగ్ షాపులో చేయించేటప్పుడు వెనక అడుగున ఒక మీటరు లోతు చట్రం పెట్టమనండి. గచ్చులో పాతకండి. వెనక చట్రం మీద 25 కిలోల ఇసుక బస్తాలు మూడు వేయండి. బస్తా లేని గోల్‌కు ఒక పిల్లవాడు వేలాడితే చాలు, అది ముందుకు పడుతుంది. ఇనప గోల్ తల మీద పడితే ప్రాణం పోతుంది. అందుకే బస్తాలు వేయని రోజు ఆట కూడా వేయకండి.

బంతి 4వ నంబరు, చుట్టుకొలత 62–64 సెంటీమీటర్లు, బరువు 400–440 గ్రాములు. ఈ బంతి ఎక్కువ ఎగరదు, ఆట అంతా దాని మీదే నడుస్తుంది. గోడ మీద సుద్దతో మూడు గీతలు గీయండి: 50 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 65 దగ్గర ఒకటి, 2 మీటర్ల దగ్గర ఒకటి. పై గీత నుంచి బంతిని వదిలితే మొదటి ఎగురు కింది రెండు గీతల మధ్యే ఆగాలి. మామూలు ఫుట్‌బాలే దిక్కైతే 4వ నంబరుది తీసుకుని, ఎగురు ఆ గీతల దగ్గరికి వచ్చేదాకా గాలి తగ్గించండి. నేర్చుకోవడానికి అది పనికొస్తుంది, పోటీకి పనికిరాదు.

బూట్లకు అడుగున మేకులు ఉండకూడదు, చదును రబ్బరు అడుగు కావాలి. ఎండాకాలం ఉదయం 8 దాటితే గచ్చు కాలుతుంది, వట్టి కాళ్లతో దింపొద్దు.

పన్నెండు మంది, ఒకే మాట

కోర్టులో గోలీ (గోల్‌కీపర్)తో కలిపి ఐదుగురు ఉంటారు. మార్పులకు లెక్క లేదు, ఆట ఆపక్కర్లేదు. పన్నెండు మందిని ఎంచుకోండి: ఇద్దరు గోలీలు, నలుగురేసి రెండు గుంపులు, మిగతా ఇద్దరు అదనం. ఒక్కో నలుగురు మూడు నిమిషాలకు మించి కోర్టులో ఉండకూడదు. బాగా ఆడుతున్నాడని ఒక్కణ్ని పది నిమిషాలు ఉంచితే, ఎదుటివాడు పరుగెత్తినప్పుడు వెనక్కి రాలేని మొదటి మనిషి వాడే అవుతాడు. బయటికి వచ్చేవాడు గీత దాటాకే, తమ బెంచీ ముందున్న మార్పు జాగాలోంచి లోపలికి వెళ్లేవాడు దిగాలి. తొందరపడితే పసుపు కార్డు.

నలుగురినీ వజ్రం ఆకారంలో నిలబెట్టండి. వెనక కాపు కాసేవాడు ఫిక్సో, పక్కల ఇద్దరు ఆలాలు, ముందు గోల్‌కు వీపు పెట్టి బంతి పట్టేవాడు పివో. కొత్త జట్లన్నిటికీ ఉండే రోగం ఒకటే: బంతి ఎక్కడుంటే నలుగురూ అక్కడికే పరుగెత్తడం. దానికి మందు ఇది. 6 × 6 మీటర్ల గడి గీసి, అంచుల మీద నలుగురిని, మధ్యలో ఇద్దరిని పెట్టండి. అంచువాడు బంతిని రెండు తాకుళ్లలోపే వదలాలి, వదిలిన వెంటనే ఖాళీగా ఉన్న అంచుకు కదలాలి. పాస్ ఇచ్చి నిలబడిపోయినవాడు మధ్యలోకి వెళ్తాడు. రోజూ పదిహేను నిమిషాలు చొప్పున మూడు వారాలు చేయిస్తే గుంపు విడిపోతుంది. బంతిని పాదం లోపలి వైపుతో ఆపితే గచ్చు మీద అర మీటరు జారిపోతుంది. బూటు అడుగుతో పైనుంచి తొక్కి ఆపడం నేర్పండి. మడమ గచ్చుకు దగ్గరగా, వేళ్లు కాస్త పైకి ఉండాలి. మొత్తం బరువు బంతి మీద మోపితే మాత్రం బోర్లా పడతారు.

సోలమన్ దీవుల్లో డెబ్భై దాకా భాషలున్నాయి, అందరినీ కలిపేది పిజిన్ అనే కలగలుపు భాష. మన జట్లలోనూ తెలుగు, ఒడియా, సవర పిల్లలు కలిసి ఆడతారు. ఒకడు ‘వెనక’ అని, ఇంకొకడు ‘పఛ’ అని అరిస్తే, మూడోవాడు తలతిప్పి చూసేలోపు బంతి పోతుంది. ఏ భాషదైనా సరే, ఒక్కో పనికి ఒక్కటే మాట పెట్టుకోండి. వెనక మనిషి ఉంటే ఒకటి, తిరగొచ్చంటే ఒకటి, వదిలెయ్యమంటే ఒకటి. ఈ మూడూ చాలు, నాలుగోది పెట్టొద్దు.

నాలుగు సెకన్లు, ఆరో తప్పు

బంతి పక్కగీత దాటితే చేత్తో విసరరు, గీత మీద ఆపి కాలితో తంతారు. నాలుగు సెకన్లలో తన్నకపోతే బంతి ఎదుటివాళ్లది. కార్నరుకీ, ఫ్రీకిక్కుకీ, గోలీ బంతి విసరడానికీ అదే గడువు. గోలీ తన సగంలో ఒకసారి బంతి వదిలాక, మధ్యలో ఎదుటివాడు తాకకుండా మళ్లీ అతనికి వెనక్కి ఇవ్వకూడదు. ఫుట్‌బాల్ అలవాటున్న వెనకవాళ్లు కంగారులో ఇక్కడే దొరికిపోతారు. అందుకని సాధన ఆటలో కూడా ఒకరు బయట నిలబడి నాలుగు దాకా గట్టిగా లెక్కపెట్టాలి.

పలక మీద తప్పుల లెక్క రాసే మనిషి ఒకరు తప్పక ఉండాలి. ఒక్కో సగంలో జట్టు చేసిన డైరెక్ట్ ఫ్రీకిక్ తప్పులు (తోయడం, కాలు అడ్డం పెట్టడం లాంటివి) ఐదు దాకా ఫరవాలేదు. ఆరో దాని నుంచి బంతికి అడ్డంగా మనుషులు గోడలా నిలబడే హక్కు పోతుంది, ఎదుటివాడు 10 మీటర్ల చుక్క నుంచి నేరుగా గోల్‌కు కొడతాడు. తప్పు అంతకంటే దగ్గర్లో జరిగితే ఆ చోటి నుంచే కొట్టొచ్చు. నాలుగో తప్పు పడగానే బెంచీ మీద నుంచి నాలుగు వేళ్లు చూపించండి. ఇక అక్కడి నుంచి బంతి లాక్కోబోకుండా, ఎదుటివాడికీ గోల్‌కూ మధ్య నిలబడి వాణ్ని పక్కగీత వైపు నెట్టుకుపోవాలి. అయినా ఆరోది పడిందనుకోండి, గోలీ గీత మీదే ఉండిపోకుండా ముందుకు రావాలి. బంతికి 5 మీటర్ల దూరం దాకా రావొచ్చు. అక్కడ మోకాళ్లు వంచి, చేతులు పక్కలకు చాపి, కాళ్ల మధ్య బంతి దూరనంత సందే ఉంచి నిలబడితే 3 మీటర్ల గోల్‌లో కొట్టేవాడికి కనపడేది చాలా కొంచెం.