పేలియో తిండికి ఇంటి మయోనైజ్: అమెరికాకు కొత్తగా వచ్చినవారికి సూచనలు

అమెరికాకు వచ్చాక పేలియో పద్ధతిలో, అంటే ఆదిమానవుల తిండిని పోలినట్టు, తినడం మొదలుపెట్టే తెలుగువారికి అన్నం మానడం కన్నా పెరుగు మానడమే ఎక్కువ కష్టమనిపిస్తుంది. ధాన్యాలతో పాటు పప్పులు, పాడి, చక్కెర కూడా ఈ పద్ధతిలో పనికిరావు కనుక, ఉడికించిన చికెన్‌కో కాల్చిన కూరగాయలకో కాస్త కమ్మదనం, పులుపు తెచ్చే పని గుడ్డు, నూనె గిలకొట్టి చేసే చిక్కని మయోనైజ్‌కు అప్పగించవచ్చు. అయితే ఇక్కడి దుకాణాల్లో దొరికేది ఎక్కువగా సోయా నూనెతో చేసినదే. సోయా పప్పుజాతి గింజ. సీసా ముందువైపు ఆలివ్ నూనె అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా వెనుకనున్న పదార్థాల జాబితా చదవండి. బరువులో ఎక్కువ ఉన్నదాన్నే ముందు రాయాలన్నది ఇక్కడి నియమం కనుక అసలు సంగతి అక్కడే తెలిసిపోతుంది. ఇండియన్ స్టోర్‌లో దొరికే పల్లీ నూనె కూడా ఇదే కారణంగా పనికిరాదు.

రుచి తేలికగా ఉండే అవకాడో నూనె దీనికి బాగుంటుంది గానీ, చవకగా దొరికిందని కొనేయకండి. 2020లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మార్కెట్లోని అవకాడో నూనెలను పరీక్షిస్తే అధిక భాగం ముక్కిపోయినవో కల్తీవో అని తేలింది. కొన్నింటిలో దాదాపు అంతా సోయా నూనేనట! ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె బ్లెండర్‌లో తిప్పితే చేదెక్కుతుంది, లైట్ అని రాసి ఉన్నది తీసుకోండి.

ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ 230 వోల్టులది, ఇక్కడి కరెంటు 120 వోల్టులు. కాబట్టి దాన్ని పక్కన పెట్టి ఒక హ్యాండ్ బ్లెండర్ కొనుక్కోవడం మేలు. దాని తల సరిగ్గా పట్టేంత సన్నని గాజు జాడీలో ఒక గుడ్డు, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం, అర టీస్పూన్ చొప్పున ఉప్పు, చక్కెర లేని ఆవ ముద్ద వేసి, పైన 240 మిల్లీలీటర్ల నూనె పోయండి. నూనె పైకి తేలేదాకా ఆగి, బ్లెండర్‌ను జాడీ అడుగుకు, పచ్చసొన మీదికి ఆనించి ఆన్ చేయండి. మొదటి పదిహేను, ఇరవై సెకన్లు చేయి కదపకూడదు. అడుగున తెల్లని మీగడలాంటిది పుట్టి పైకి పాకుతుంటే, అప్పుడు మెల్లగా పైకి లేపండి. తొందరపడి ముందే లేపితే నూనె విడిపోతుంది; అలా అయినా పారేయనక్కర్లేదు, వేరే గిన్నెలో కొత్త పచ్చసొన గిలకొడుతూ విరిగినదాన్ని చుక్కచుక్కగా కలిపితే మళ్లీ చిక్కబడుతుంది. పచ్చిమిర్చి, అల్లం నూరి కలుపుకోవాలనుకుంటే చివరలోనే కలపండి.

అసలు జాగ్రత్త గుడ్డు దగ్గర. ఇక్కడ గుడ్లను కడిగి అమ్ముతారు కనుక ఫ్రిజ్‌లోనే ఉంచాలి, చేసే ముందు మాత్రం కాసేపు బయట పెట్టండి. నిమ్మరసం పోసినంత మాత్రాన పచ్చి గుడ్డులో ఉండగల సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా భయం తీరిపోదు. గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్లాంటి పెద్దవయసువారు ఇంట్లో ఉంటే పెంకుతోనే పాశ్చరైజ్ చేసిన, అంటే ఉడకకుండా క్రిములు చచ్చేంత వేడి తగిలించిన, గుడ్లు వాడండి. ఈ మాట అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. తయారైన మయోనైజ్‌ను ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచి, నాలుగు రోజుల్లో వాడేయండి. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందుకు తీసుకెళితే రెండు గంటలకు మించి, ఎండాకాలం పార్కుల్లో అయితే గంటకు మించి బయట ఉంచకండి. మిగిలినదాన్ని ఇంటి జాడీలో తిరిగి కలపకండి.