బండ నేలలో అర్తింగ్: కొలవాల్సింది మే నెలలో

వైరింగ్ పనికి వచ్చిన కొత్తలో దేవరకొండ పక్క ఊళ్లో ఒక ఇంటికి అర్త్ గుంత (లీకైన కరెంటును నేలలోకి దింపే పైపు పాతే గుంత) తవ్విస్తే మూడడుగులకే బండ తగిలింది. పైపు సగానికి కోసి పాతేసి, ఫేజ్ వైరుకూ (కరెంటు వచ్చే వైరు) అర్త్‌కూ మధ్య బల్బు పెట్టి వెలిగించి చూపించి వచ్చేశాను. అది వానాకాలం. నేల ఎండిపోయాక మే నెలలో ఆ ఇంటి అక్క ఫోన్ చేసింది: "తమ్మీ, వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటున్నది!"

బల్బుతో మోసపోయాను. 100 వాట్ల బల్బుకు అర ఆంపియర్ కూడా అక్కర్లేదు, అర్త్ నిరోధం 50 ఓమ్‌లున్నా వెలుగుతుంది. అదే 50 ఓమ్‌ల మీద గీజర్‌లో ఫేజ్ వైరు బాడీకి తగిలిందనుకోండి. 230 వోల్టులకు పారేది నాలుగున్నర ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే ఆపేసే స్విచ్చు) కిమ్మనదు, కరెంటు బాడీ మీదే ఉంటుంది.

అందుకని గుంతను గోడకు మీటరున్నర ఎడంగా, కూలర్ నీళ్లో స్నానాల నీళ్లో పారే చోట తవ్వించండి. 40 మి.మీ. జీఐ (జింక్ పూత ఇనుప) పైపు, రెండున్నర మీటర్లు నిండుగా దిగాలి. చుట్టూ ఉప్పు, బొగ్గు పొరలు వేయడం పాత పద్ధతి. ఉప్పు వానలకు కరిగిపోతుంది, పైగా పైపును తింటుంది. నేనిప్పుడు బెంటొనైట్ అనే, తడిని పట్టి ఉంచే బంకమట్టి వాడుతున్నాను.

బండ తగిలితే గడ్డపారతో కుస్తీ పట్టొద్దు. ప్రహరీ వెంట కనీసం అర మీటరు లోతున కాలువ తీసి, 25 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. మందం జీఐ పట్టీని పదిహేను మీటర్లు పడుకోబెట్టండి. మట్టి ఉండి రెండు గుంతలు తవ్వగలిగితే పైపుల మధ్య ఐదు మీటర్లు వదలండి. దగ్గరగా పాతితే రెండో పైపు ఖర్చు దండగే.

అర్త్ వైరును పైపుకు చుట్టి వదిలేయకుండా నట్టు బోల్టుతో బిగించి, మూత పెట్టిన చాంబర్‌లో ఉంచండి. ఇంట్లో ఎక్కడా న్యూట్రల్‌తో కలపొద్దు. సాకెట్లు బిగించాక ఒకటి విప్పించి, ఆకుపచ్చ అర్త్ వైరు మూడో పిన్ను దాకా వచ్చిందో లేదో మీరే చూడండి.

కొలవడం మూడు కడ్డీల అర్త్ టెస్టర్‌తో, మెయిన్ ఆపి, ఇంటి అర్త్ వైరు విప్పి చేయాలి. అంతకుముందు గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోసే వాళ్లున్నారు, పోయనివ్వకండి! ఎండాకాలంలో ఐదు ఓమ్‌ల లోపు వస్తే నాకు సంతోషం. మన చెల్క నేలల్లో అది అందరికీ రాదు. కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కొంచెం లీకైనా ఆపేసే స్విచ్చు) తప్పకుండా పెట్టించండి. అర్త్ కాస్త బలహీనమైనా అది కరెంటు ఆపేస్తుంది. దాని మీద 'T' అని రాసిన టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి.

అక్క ఇంట్లో నా ఖర్చుతోనే పట్టీ వేశాను. ఇప్పుడు కూలర్ పైపు ఆ కాలువ మీదికే తిప్పుకుంది.