అటకమీద మానుపిల్లి, వాకిట్లో కోతి: ఏం చేయాలి?

విజయవాడలో ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండల వాలున ఉన్న ఇళ్లవారికి కోతులు కొత్త కాదు గానీ, అర్ధరాత్రి అటకమీద చప్పుడు చేసే మానుపిల్లి మాత్రం ఎవరినైనా కంగారు పెడుతుంది. అది పండ్లు, ఎలుకలు, పురుగులు తిని బతికే నిశాచర జంతువు. దారి దొరికితే సాధారణంగా తానే వెళ్లిపోతుంది. కనుక కర్రలతో మూలకు తరమకుండా, పిల్లలను, పెంపుడు కుక్కను వేరే గదిలో ఉంచి, బయటికి తెరుచుకునే తలుపు ఒకటి వదిలి, ఆ వైపు దీపాలు ఆర్పివేయాలి. అటకలో కూనలు లేవని నిర్ధారించుకున్న తరువాతే అది వచ్చే కన్నాన్ని మూయించాలి. తొందరపడితే కూనలు లోపల, తల్లి బయట చిక్కుకుంటాయి. మానుపిల్లినైనా ముంగిసనైనా పట్టి బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అది గాయపడి కదలలేకపోతే అటవీశాఖకు తెలియజేయాలి.

కోతి ఎదురైతే దాని కళ్లలోకి సూటిగా చూడకూడదు, పళ్లు కనబడేలా నవ్వకూడదు. చేతిసంచీ లాగితే వదిలేయడమే తెలివి, అందులో అమ్మవారి ప్రసాదం ఉన్నా సరే.

ఏ జంతువు కరిచినా, రక్కినా, గాయాన్ని సబ్బుతో ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, కారమో పసుపో అద్దకుండా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి.