నిరాశలో మునిగిన విశ్వాసిని ఆదుకోవడం ఎలా: ముందు నాలుగు ముద్దలు, తర్వాత ప్రార్థన

మా తమ్ముడు మంచం దిగడం మానేసిన ఏడాది మా ఇంట్లో 21 రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. అప్పటికే వాడికి ముద్ద దిగడం లేదు. వచ్చిన ప్రతి ఒక్కరూ తల మీద చెయ్యి పెట్టి "విశ్వాసం పెంచుకో నాయనా" అనేవాళ్లు. వాడు గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒక రాత్రి "అక్కా, దేవుడికి కూడా నేను అక్కర్లేదేమో" అన్నాడు. పాతికేళ్లుగా సండే స్కూల్లో పాఠాలు చెబుతున్న నాకు నోట మాట రాలేదు.

విశ్వాసం ఒక్కటే సరిపోతుందా? సరిపోదు. విశ్వాసిగానే ఈ మాట చెబుతున్నాను. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, మేం ఆలస్యంగా నేర్చుకున్నవి మీరు ముందే చేయండి.

"నీకు విశ్వాసం తక్కువ" అనే మాట ఎవరినీ అననివ్వకండి. బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీయండి. ఏలీయా అంతటి ప్రవక్త బదరీ చెట్టు కింద కూలబడి, నా ప్రాణం తీసుకో ప్రభువా అని వేడుకున్నాడు. దేవదూత వచ్చి మందలించలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు చూపించి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి పెట్టాడు. హోరేబు కొండకు 40 రోజుల నడక, అక్కడ దేవుడి మాట, అన్నీ ఆ తర్వాతే. ఎన్నిసార్లు చెప్పానో ఆ పాఠం! ఆ అప్పం దగ్గర ఒక్కసారీ ఆగలేదు.

అందుకే ఉపవాసం మీరు ఉండండి, వాళ్లను ఉంచకండి. "తింటావా?" అంటే వద్దనే అంటారు. నేను చారన్నం మెత్తగా పిసికి, చిన్న గిన్నెలో నాలుగు ముద్దలే తీసుకెళ్లి పక్కన కూర్చునేదాన్ని. రెండు ముద్దలు దిగినా మాకది మంచిరోజే.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు, మిగిలిపోయిన మాత్రలు ఆ పూటే ఇంట్లోంచి తీసేయండి. 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అది, మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే సహాయ ఫోన్ సేవ. పగలూ రాత్రీ పలుకుతారు, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి, దేనిమీదా మనసు లేకపోతే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఎన్నాళ్లుగా నిద్ర లేదో, ఏ మందులు వాడుతున్నారో చీటీ మీద రాసుకోండి. థైరాయిడ్ పరీక్ష గురించి అడగండి, అది మందగించినా మనిషి ఇలాగే కుంగిపోవచ్చు. మాత్రలు వేసుకున్న మర్నాడే గుణం కనిపించదు, కొన్ని వారాలు పడుతుంది. మా ఇంట్లో పదో రోజున ఒక పెద్దాయన "ప్రార్థన చేశాం కదా, ఇంకా మందులేంటి" అని ఆపించారు. మళ్లీ మొదటికొచ్చింది. ఆపే మాట డాక్టరే చెప్పాలి, అదీ మెల్లగా తగ్గిస్తూ.

ప్రార్థన నేను మానలేదు, మీరూ మానకండి. ఇల్లంతా జనం మాత్రం వద్దు. ఒక్కరు, ఐదు నిమిషాలు చాలు. ఉత్సాహపరిచే వాక్యాల కోసం వెతకకండి. నేను 88వ కీర్తన చదివాను. చివరిదాకా చీకటే, ఓదార్పు లేకుండానే ముగుస్తుంది. చదవడం అయ్యాక తమ్ముడు గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"మళ్లీ చదువక్కా" అన్నాడు.