ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నారా? సొలిసిటర్ దగ్గర పని ఆగితే: సమస్య - కారణం - పరిష్కారం

ఇల్లు నచ్చింది, ఆఫర్ ఒప్పుకున్నారు, బ్యాంకు కూడా సరే అంది. ఇక తాళాలే తరువాయి అనుకున్నాక అసలు టెన్షన్ మొదలవుతుంది. ఇక్కడ ఎక్స్ఛేంజ్ (ఇరువైపులా సంతకాలైన కాంట్రాక్టులు మార్చుకోవడం) అయ్యేదాకా ఇంటి బేరం ఎవరినీ కట్టిపడేయదు. ఆలస్యమైతే అమ్మేవాళ్లు ఇంకొకరి దగ్గర ఎక్కువ ధర తీసుకుని మీకు నమస్కారం పెట్టొచ్చు. అందుకే కాగితాల పని చూసే లాయర్, అంటే సొలిసిటర్ ఎంపికను చివరి నిమిషానికి వదిలేయకూడదు.

నేను చూసినంతలో మనవాళ్ల ఇబ్బందులు చాలావరకు ఒక్కచోటే మొదలవుతాయి. రేటు చూస్తాం, స్టార్ రేటింగ్ చూస్తాం, వాట్సాప్ గ్రూపులో అడుగుతాం. మన ఫైలు ఏ మనిషి చేతిలో పడుతుందో మాత్రం అడగం. కింద రాసినవి ఇంగ్లండ్‌కు వర్తిస్తాయి. వేల్స్‌లో పద్ధతి దాదాపు ఇదే కానీ పన్ను వేరు. స్కాట్లండ్‌లో ఆఫర్ పెట్టేదే సొలిసిటర్ కాబట్టి అక్కడివాళ్లు ముందే మనిషిని పెట్టుకోవాలి.

సమస్య: వారాలు గడుస్తున్నా కబురు లేదు

ఇలా జరగడానికి మూడు కారణాలు ఉండొచ్చు. మీ సొలిసిటర్ టేబుల్ మీద ఫైళ్లు గుట్టలుగా ఉండొచ్చు, కౌన్సిల్ నుంచి సెర్చ్ (ఆ ఇల్లు, స్థలం గురించిన అధికారిక వివరాల తనిఖీ) రాకపోవచ్చు, అవతలి సొలిసిటర్ జవాబు ఇవ్వకపోవచ్చు. ఏది నిజమో తెలియకుండా కోప్పడితే లాభం లేదు. ఒక మెయిల్‌లో నాలుగు ప్రశ్నలు పెట్టండి: కాంట్రాక్ట్ పేపర్లు ఏ తేదీన వచ్చాయి? ఏయే సెర్చ్‌లు ఎప్పుడు ఆర్డర్ చేశారు, ఏవి వచ్చాయి? అమ్మేవాళ్లను అడిగిన ప్రశ్నల్లో ఏవి మిగిలాయి? బ్యాంకు ఆఫర్ మీకు అందిందా?

తేదీలతో జవాబు వస్తే ఆలస్యం బయట ఉంది. అప్పుడు ఎస్టేట్ ఏజెంట్‌కు ఫోన్ చేసి అవతలివాళ్ల వెంటపడమనండి. కమీషన్ అతనికి ఇల్లు అమ్ముడయ్యాకే కాబట్టి అతనికీ తొందరే. అలా కాకుండా 'పని జరుగుతోంది, వివరాలు తెలిసినప్పుడు చెబుతాం' అనే ఒక్క వాక్యం వస్తే ఆలస్యం మీ సొలిసిటర్ ఆఫీసులోనే ఉంది. అప్పుడు ఫైలు చూస్తున్న మనిషి పైఅధికారి ఎవరో కనుక్కుని వారికి రాయండి.

ఇంకా ఎవరినీ పెట్టుకోనివాళ్లు ముందే అడగాల్సినవి ఇవి: నా ఫైలు చూసేది ఎవరు, వాళ్ల అర్హత ఏమిటి, వాళ్ల చేతిలో ఇప్పుడు ఎన్ని ఫైళ్లున్నాయి, సెలవు పెడితే ఎవరు చూస్తారు, డైరెక్ట్ నంబర్ ఉందా? పని చేసేవాళ్ల అనుభవం, ఛార్జీల వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలని సొలిసిటర్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఆర్‌ఏ 2018 డిసెంబర్ నుంచి నిబంధన పెట్టింది. అవి కనబడకపోతే అక్కడే అనుమానించండి. డబ్బు కట్టకముందు పనిరోజున ఒకసారి ఫోన్ చేసి చూడండి. కొత్త కస్టమర్‌కే లైన్ దొరకకపోతే, కట్టినవాడికి దొరుకుతుందా?

సమస్య: 'ఈ డబ్బు ఎక్కడిది?' అని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. వాళ్లు మనల్ని అవమానించడం లేదు. మనీ లాండరింగ్ చట్టం ప్రకారం డిపాజిట్ (ఇంటి ధరలో మీరు చేతి నుంచి పెట్టే వాటా) డబ్బు మూలం చూడటం సొలిసిటర్ బాధ్యత. చూడకపోతే వాళ్ల లైసెన్సుకే ముప్పు.

ఒక స్నేహితుడి బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్ చూశాను. జీతం, కరెంటు బిల్లు, టెస్కో ఖర్చుల మధ్య మూడు జమలు: 3,000, 2,500, 4,000 పౌండ్లు. ఒకదాని పక్కన రిఫరెన్స్‌గా 'థాంక్స్ బ్రో' అని ఉంది. సొలిసిటర్ ఆ మూడింటి చుట్టూ గుండ్రంగా గీసి, ఒక్కోదానికి వివరణ, పంపినవాళ్ల గుర్తింపు పత్రం, వాళ్ల స్టేట్‌మెంట్ అడిగారు. అవి చేబదుళ్లు. మనకు చేబదులు మామూలే, కానీ బ్యాంకు దృష్టిలో అది అప్పు. అప్పు తెచ్చి డిపాజిట్ కడుతున్నారని తెలిస్తే మార్ట్‌గేజ్ (ఇంటి రుణం) లెక్కే మారిపోతుంది. గిఫ్ట్ అని రాసిచ్చి తర్వాత తిరిగి కట్టేద్దామనే సలహా వాట్సాప్‌లో తరచూ వస్తుంది. అది బ్యాంకుకు అబద్ధం చెప్పడమే. దాని జోలికి పోవద్దు.

అమ్మానాన్నలు ఇచ్చే డబ్బుకు దారి ఉంది. ఇది బహుమతి, తిరిగి అడగం, ఇంట్లో వాటా కోరం అని వాళ్లు సంతకం చేసిన లేఖ, వాళ్ల గుర్తింపు పత్రాలు, ఆ డబ్బు వాళ్ల ఖాతాలోకి ఎలా వచ్చిందో చూపే స్టేట్‌మెంట్లు కావాలి. పొలమో స్థలమో అమ్మి ఇస్తే రిజిస్టరైన సేల్ డీడ్, దానికి ఇంగ్లిష్ అనువాదం, బ్యాంకులో జమ ఒకదానికొకటి సరిపోవాలి. ఇక్కడే మన ఊళ్ల వ్యవహారం అడ్డం తిరుగుతుంది. డీడ్‌లో రాసిన విలువ ఒకటి, చేతికొచ్చిన ధర ఇంకొకటి అయితే, నగదుగా వచ్చిన భాగాన్ని లండన్‌లో ఏ సొలిసిటరూ ఒప్పుకోరు. బ్యాంకు ద్వారా వచ్చిన వైట్ డబ్బు మీదే ప్లాన్ వేసుకోండి.

పంపడానికీ పరిమితులున్నాయి. భారత్‌లో ఉండే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2.5 లక్షల డాలర్ల వరకు బయటకు పంపొచ్చు. మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవారికి భారత్‌లో ఉండే రూపాయి ఖాతా) నుంచి అయితే ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు తెచ్చుకోవచ్చు. బ్యాంకు పత్రాలు అడుగుతుంది, సీఏ సర్టిఫికెట్ కావాల్సి రావచ్చు. ఇదంతా చివరి వారంలో పెట్టుకుంటే అవదు.

సొలిసిటర్‌ను ఎంచుకునేటప్పుడే అడగండి: 'ఇండియా నుంచి వచ్చే బహుమతి డబ్బు తీసుకుంటారా? ఇంతకుముందు చేశారా? ఏ పత్రాలు కావాలో జాబితా ఇస్తారా?' కొన్ని ఫర్ములు విదేశీ డబ్బును అసలు ముట్టుకోవు. ఆ సంగతి సెర్చ్‌లకు డబ్బు కట్టకముందే తేలాలి.

సమస్య: స్టాంప్ డ్యూటీ అనుకున్నదానికి పది రెట్లు చూపిస్తోంది

కారణం చాలాసార్లు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న ఫ్లాట్. 'యూకేలో ఇదే మా మొదటి ఇల్లు కదా' అంటాం. చట్టం అడిగేది యూకే గురించి కాదు, ప్రపంచంలో ఎక్కడైనా ఇల్లు ఉందా అని.

లెక్క చూడండి. 3,50,000 పౌండ్ల ఇంటికి, 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం, మొదటిసారి కొనేవారికి 2,500 పౌండ్లు. ఇంతకుముందు ఎక్కడైనా సొంత ఇల్లు ఉండి ఇప్పుడు లేకపోతే 7,500. ఇప్పుడూ మరో ఇల్లు ఉంటే, 2024 అక్టోబర్ 31 నుంచి ఉన్న 5 శాతం అదనపు సుంకంతో కలిపి 25,000.

వారసత్వంగా వచ్చిన ఇల్లు ఉన్నా మొదటిసారి కొనేవారి రాయితీ పోతుంది. కలిసి కొంటుంటే ఇద్దరికీ ఆ అర్హత ఉండాలి. అదనపు సుంకం దగ్గర భార్యాభర్తలను కలిపే చూస్తారు, కాబట్టి ఫ్లాట్ ఆవిడ పేరున ఉంది, ఇల్లు నా పేరున కొంటాను అంటే కుదరదు. ఊరకే ఉన్న ఖాళీ స్థలం, పొలం ఇంటి లెక్కలోకి రావు. అదనపు సుంకం విషయంలో 40,000 పౌండ్ల కంటే తక్కువ విలువ చేసే వాటాను లెక్కించరు. మీరు కాపురమున్న ఇంటిని అమ్మేసి దాని బదులు ఇది కొంటుంటే లెక్క మళ్లీ మారుతుంది.

పరిష్కారం: మొదటి ఫోన్‌లోనే ఇండియా ఆస్తులన్నీ చెప్పేయండి. పన్ను సలహా ఇస్తారా అని కూడా అడగండి, ఎందుకంటే చాలామంది తమ ఒప్పంద లేఖలో 'పన్ను సలహా మా పని కాదు' అని రాసుకుంటారు. రిటర్న్ సొలిసిటర్ వేసినా అందులోని నిజానికి బాధ్యత మీదే. కంప్లీషన్ (మొత్తం డబ్బు కట్టి ఇల్లు మీ చేతికి రావడం) అయిన 14 రోజుల్లో రిటర్న్ వేసి పన్ను కట్టాలి.

సమస్య: సొలిసిటర్ మంచివారే, బ్యాంకు మాత్రం ఒప్పుకోవడం లేదు

ఆ ఫర్ము మీ బ్యాంకు ప్యానెల్‌లో, అంటే బ్యాంకు ఆమోదించిన ఫర్ముల జాబితాలో లేదు. అలాగైతే బ్యాంకు వేరే సొలిసిటర్‌ను పెట్టుకోవచ్చు, ఆ ఖర్చూ మీ మీదే పడుతుంది. ఒప్పందం మీద సంతకం చేసే ముందు బ్యాంకు పేరు చెప్పి అడగడానికి ఒక్క నిమిషం చాలు.

సమస్య: కోట్ ఒకటి, బిల్లు ఒకటి

ముందు చెప్పిన అంకె తరచూ ఫీజు మాత్రమే. దానిమీద 20 శాతం వ్యాట్, సెర్చ్‌లు, ల్యాండ్ రిజిస్ట్రీ రుసుము, డబ్బు పంపినందుకు ఛార్జీ, గుర్తింపు తనిఖీ వస్తాయి. అసలు వాత మాత్రం 'అదనపు పని' పద్దుల్లో ఉంటుంది: లీజ్‌హోల్డ్ (స్థలం వేరొకరిది, మీకు నిర్ణీత ఏళ్లకే హక్కు) అయితే ఇంత, బహుమతి డబ్బయితే ఇంత, కొత్త ఇల్లయితే ఇంత. మీ పరిస్థితి మొత్తం చెప్పి, అన్నీ కలిపిన అంకె రాతపూర్వకంగా అడగండి. అమ్మకం జరగకపోతే ఫీజు లేదు అనే హామీ మంచిదే, కానీ అప్పటికే చేయించిన సెర్చ్‌ల డబ్బు మాత్రం తిరిగి రాదు.

సమస్య: ఏజెంట్, బిల్డర్ 'మా సొలిసిటరే కావాలి' అంటున్నారు

వెనక తరచూ రిఫరల్ ఫీజు (మిమ్మల్ని పంపినందుకు సొలిసిటర్ వాళ్లకిచ్చే డబ్బు) ఉంటుంది. అది ఉందని మీకు చెప్పడం వాళ్ల బాధ్యత, వాళ్లు చెప్పినవారినే పెట్టుకోవడం మీ బాధ్యత కాదు. 'ఆఫర్ ముందుకు పోదు' అని బెదిరిస్తే మాట రాతలో అడగండి. సాధారణంగా రాత రాదు. బిల్డర్లు 28 రోజుల్లో ఎక్స్ఛేంజ్ కావాలని తొందరపెడతారు కాబట్టి, ఆ గడువు అందుకోగలరా అని మీ సొలిసిటర్‌నే అడగండి. కొత్త కాలనీల్లో రోడ్లు, పార్కుల నిర్వహణకు ఏటా కట్టే ఛార్జీ ఎంత, దాన్ని ఎవరు పెంచగలరు అన్నది మీ తరఫు మనిషి చదివి చెప్పాలి.

సమస్య: లోకల్ సొలిసిటర్ కావాలా, ఆన్‌లైన్ చాలా?

మీ ఇంటికి దగ్గరగా ఉండటం వల్ల వచ్చే లాభం చిన్నదే: సంతకాలు నేరుగా పెట్టొచ్చు, గట్టిగా అడగాలంటే తలుపు తట్టొచ్చు. కొనే ఇల్లున్న ప్రాంతం తెలిసినవారైతే లాభం ఎక్కువ. డాన్‌కాస్టర్, బార్న్‌స్లీ వైపు పాత బొగ్గు గనులు, చెషైర్‌లో ఉప్పు తవ్వకాలు, కార్న్‌వాల్‌లో తగరపు గనులు. వీటికి ప్రత్యేక సెర్చ్‌లు ఉన్నాయని అక్కడివాళ్లకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. ఏ కౌన్సిల్ రోజుల్లో జవాబిస్తుందో, ఏది వారాలు తీసుకుంటుందో కూడా వాళ్లకే తెలుసు.

మామూలు ఫ్రీహోల్డ్ (ఇల్లు, స్థలం రెండూ మీవే) ఇంటికి మంచి ఆన్‌లైన్ ఫర్ము సరిపోతుంది. ఫ్లాట్ అయితే మాత్రం దూరం సంగతి పక్కనపెట్టి లీజ్‌హోల్డ్ అనుభవం చూడండి. లీజ్ 80 ఏళ్ల కిందికి పడితే పొడిగింపు ఖరీదవుతుంది, గ్రౌండ్ రెంట్ (స్థల యజమానికి కట్టే అద్దె) పెరిగే షరతులుంటే బ్యాంకులు వెనక్కి తగ్గుతాయి. లండన్‌లో 2017 నాటి గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం తర్వాత ఎత్తైన భవనాలకు గోడల భద్రత పత్రాలు, 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టం పత్రాలు తోడయ్యాయి. ఆ పని అసలు తీసుకోని ఫర్ములూ ఉన్నాయి.

సమస్య: 'మా బ్యాంకు ఖాతా మారింది' అని మెయిల్ వచ్చింది

పంపకండి. సొలిసిటర్ల మెయిల్‌లోకి చొరబడి, డిపాజిట్ పంపే రోజున వాళ్లలాగే రాసే మోసగాళ్లున్నారు. మెయిల్‌లో ఉన్న నంబర్‌కు కాకుండా, మొదట ఇచ్చిన లేఖలోని నంబర్‌కు ఫోన్ చేసి ఖాతా వివరాలు చదివించుకోండి. ఫర్ము అసలుదేనా అనే అనుమానం ఉంటే ఎస్‌ఆర్‌ఏ రిజిస్టర్‌లో చూడండి. లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లయితే (ఇళ్ల బదిలీ పనికి లైసెన్సు ఉన్నవాళ్లు) వాళ్ల కౌన్సిల్ అయిన సీఎల్‌సీ జాబితాలో ఉంటారు.

సమస్య: ఇక వీళ్లతో కాదు, మార్చాలి

మార్చొచ్చు. అప్పటిదాకా చేసిన పనికి డబ్బు కట్టాలి, కట్టేదాకా ఫైలు ఆపుకునే అవకాశం ఉంది. కొత్తవాళ్లు దాదాపు మొదటి నుంచి చదువుకొస్తారు, బ్యాంకుకూ చెప్పాలి. ఎక్స్ఛేంజ్‌కు వారం దూరంలో ఉంటే పళ్లు బిగించి ఆగడమే నయం. మీ సొలిసిటర్ అమ్మేవాళ్లకు ఇంకా ప్రశ్నలే పంపకపోతే మార్చేయండి. ఫిర్యాదు ముందు ఆ ఫర్ముకే రాతలో ఇవ్వాలి. 8 వారాల్లో పరిష్కారం రాకపోతే లాయర్ల మీద ఫిర్యాదులు చూసే లీగల్ ఆంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. వాళ్లు తుది జవాబు ఇచ్చి ఉంటే, అది వచ్చిన 6 నెలల్లోపు వెళ్లాలి. ఆంబుడ్స్‌మన్ ఫీజు తగ్గించమనొచ్చు, పరిహారం ఇప్పించొచ్చు, మీ కొనుగోలును మాత్రం ముందుకు నెట్టలేరు. అందుకని ఇల్లు చేతికి వచ్చేదాకా మెయిళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో దాచి, ఆ ఫిర్యాదు తర్వాత వేసుకోండి.