గాయపడిన చెయ్యి, బెదిరిన మనసు – 3వ పాఠం: చేతిని చూడటం, తాకడం

కిందటి పాఠంలో వాపు తగ్గడానికి చేతిని గుండె కన్నా ఎత్తులో పెట్టుకోవడం చూశాం. ఈసారి, మిషన్‌లో చెయ్యి గాయపడినవాళ్లకు కుట్లు తీశాక వచ్చే చిక్కు.

కట్టు విప్పుతుంటే చాలామంది మొహం తిప్పేసుకుంటారు. ఇంటికొచ్చాక ఆ చెయ్యి కొంగు చాటుకో, జేబులోకో చేరుతుంది. అసలు నష్టం అక్కడే. కదలని కీళ్లు బిగుసుకుంటాయి. తాకిడి ఎరగని మచ్చ, చొక్కా అంచు తగిలినా జివ్వుమంటుంది. నొప్పికి భయపడి ఇంకా దాస్తారు.

ముందు చూపు. టవల్ మడిచి బల్లమీద వేసి రెండు చేతులూ దానిమీద పెట్టండి. బాగున్న చేతిని అర నిమిషం, గాయపడినదాన్ని అర నిమిషం చూడండి. కనబడింది మాత్రమే పైకి చెప్పండి: "మచ్చ ఎర్రగా ఉంది. చూపుడు వేలు కొస లేదు." "పాడైపోయింది" అనేది కంటికి కనబడింది కాదు, మనసు చేర్చింది. భయానికి 10కి ఎన్ని మార్కులో రాసుకోండి. 7 దాటితే గుడ్డ కప్పి, మణికట్టు ఒక్కటే చూడండి.

తాకడం మాత్రం పుండు పూర్తిగా మాని, డాక్టరు సరేనన్నాకే. మెత్తనిదాంతో మొదలుపెట్టి గరుకుదానికి ఈ వరసలో వెళ్లండి: దూది, పాత నూలు చీర ముక్క, టవల్, చివర్న గోనె. మచ్చ చుట్టూ ఉన్న మంచి చర్మం నుంచి మొదలుపెట్టి లోపలికి రండి. ఒక్కో విడత 5 నిమిషాలు, రోజుకు 4 సార్లు. కాస్త అదిమి రుద్దండి. పైపైన తగిలిస్తేనే ఎక్కువ జివ్వుమంటుంది. ఒకరోజు బాగుందని గంటసేపు చేస్తే మర్నాడు వాపొచ్చి, ధైర్యం కూడా పోతుంది.

ఇంకోమాట. వేలిని వంచే తాడునీ, స్పర్శనిచ్చే తీగనీ వాడుకలో నరమనే అంటాం. తెగి, కుట్టిన స్పర్శ నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు దగ్గర తెగితే వేలికొసకు చేరడానికి నెలలు పడుతుంది. మూడో వారంలో "ఇంకా మొద్దుగానే ఉంది" అని కుంగిపోకండి. స్పర్శ తిరిగొచ్చేదాకా వేడి టీ గ్లాసు మరో చేత్తోనే పట్టుకోండి, కాలినా తెలియదు.

కుడిచెయ్యి గాయమైతే పంక్తిలో ఎడంచేత్తో తినలేక భోజనాలే మానేస్తారు. వేళ్లు కదపమని డాక్టరు చెప్పాక మరమరాలు ఏరడంతో మొదలుపెట్టండి, ముద్ద తర్వాత. ఇంట్లోవాళ్లు జాలితో తినిపించడం ఆపితేనే చెయ్యి పని నేర్చుకుంటుంది.

చీము, జ్వరం, రంగు మార్పు, తగ్గని మంట ఉంటే వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లండి. నెల దాటినా ప్రమాదం కళ్లముందు తిరుగుతున్నా, మిషన్ చప్పుడుకు వణుకొస్తున్నా మానసిక వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలనిపిస్తే క్షణం ఆగకుండా ఆ నంబరుకు ఫోన్ చెయ్యండి.

వారం పాటు మార్కులు రాయండి. 4వ పాఠంలో ఆ కాగితం కావాలి: మళ్లీ మిషన్ దగ్గరికి ఎన్ని అడుగుల దూరం నుంచి మొదలుపెట్టాలో దాన్ని చూసే తేల్చుకుంటాం.