లోన్ అక్కర్లేకపోయినా క్రెడిట్ చెక్: నేను ఎలా ఆపానంటే

మేముండేది డల్లాస్ దగ్గర. కారుకి మొత్తం డబ్బు కట్టేస్తామన్నా డీలర్‌షిప్‌లో సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వాల్సిందేనన్నారు. పోయినసారి నమ్మి ఇచ్చాను, నా అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టులో హార్డ్ ఎంక్వైరీ (లోన్ కోసం రిపోర్టు తీసి చూశారన్న నమోదు) పడింది. అది రెండేళ్లు కనిపిస్తుంది. లోన్ తీసుకుని ఇల్లు కొనాలనుకునేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

సేల్స్‌మన్‌తో వాదన, మేనేజర్‌కి మెయిల్, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించడం, ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందురోజు రాత్రే క్రెడిట్ రిపోర్టులు ఉంచే కంపెనీలు ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటి సైట్లలోనూ క్రెడిట్ ఫ్రీజ్ (కొత్త లోన్ కోసం ఎవరూ రిపోర్టు తీయకుండా తాళం) పెట్టాను. 2018 నుంచి ఇది ఉచితం. ఒక్కటీ వదలకండి, డీలర్ ఎక్కడినుంచి రిపోర్టు తీస్తాడో మనకి ముందు తెలియదు. తెల్లారి వెళ్లి, అన్ని ఖర్చులూ కలిపిన ధర కాగితం మీద రాయించుకున్నాను. ఫారంలో నంబర్ గడి ఖాళీగా వదిలి, క్రెడిట్ రిపోర్టుకి అనుమతిచ్చే వాక్యం కొట్టేసి, పక్కన "అనుమతి లేదు" అని ఇంగ్లీషులో రాసి సంతకం చేశాను. ఆ కాగితం ఫోటో తీసుకున్నాను. ప్రభుత్వం లావాదేవీలు నిషేధించిన వ్యక్తుల జాబితాలో నేనున్నానేమో చూడాలన్నారు. అది పేరుతో చూసేది, దానికి క్రెడిట్ రిపోర్టుతో పనిలేదని నెమ్మదిగా చెప్పాను. మొత్తానికీ ఒకటే క్యాషియర్స్ చెక్ (బ్యాంకే తన హామీతో రాసిచ్చే చెక్) ఇచ్చాను. మూడు వారాల తర్వాత చూస్తే కొత్త ఎంక్వైరీ లేదు.

ఇది ఒక్క డీలర్ దగ్గర నా అనుభవం. ఇంకొకరు అమ్మనని కూడా అనొచ్చు. నోట్ల రూపంలో 10,000 డాలర్లు దాటితే మాత్రం ఐఆర్‌ఎస్ (పన్నుల శాఖ)కి పెద్ద నగదు చెల్లింపుల గురించి పంపే ఫారం 8300 కోసం నంబర్ అడగడం సబబే. అప్పుడు కూడా ఫ్రీజ్ తీయకండి.